వంశావళి: గర్వమా, ఋణమా?

మత్తయి సువార్త తెరచిన వెంటనే మనకు కనబడునది పేర్ల పట్టిక. అబ్రాహాము మొదలుకొని మరియ భర్తయైన యోసేపు వరకు ఒకరి తరువాత ఒకరు వరుసగా వత్తురు. మన గ్రామ సంఘములలో వాక్యము చదువువారు ఆ పేర్లను తడబడుచు చదివి, పదునెనిమిదవ వచనము దగ్గరకు వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకొందురు. పిల్లలు నవ్వుదురు. పేర్లే గదా, వీటితో మనకేమి పని అని పెద్దలు సహితము తలంచుదురు.

అయినను సువార్తికుడు ఆ పేర్లతోనే ఆరంభించెను. మరియొక ప్రక్క అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాయుచు, అంతులేని వంశావళుల జోలికి పోవద్దని హెచ్చరించెను (1 తిమోతి 1:4). ఒక చోట వంశావళి సువార్తకు ద్వారముగా నున్నది. మరియొక చోట అది వివాదములకు మూలమని చెప్పబడినది. అట్లయిన పితరులను వెదకుట మంచిదా, కాదా? తాత ముత్తాతల పేర్లు తెలిసినవాడు తెలియనివానికంటె గొప్పవాడా? ఈ నెల ఈ ప్రశ్నను గూర్చి కొంచెము ఆలోచింతము.

ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. అమెరికా దేశములో తమ పితరులను వెదకుట అనేకులకు మిక్కిలి ప్రియమైన పని. అక్కడ మొదట అడవి కొట్టి, గడ్డినేల దున్ని కాపురములు పెట్టిన కుటుంబముల సంతతివారు పాత పుస్తకములు తిరుగవేసి, సమాధి రాళ్లమీది అక్షరములు చదివి, తమ వంశవృక్షము వ్రాసికొందురు. అట్టి కుటుంబములలో కొన్నిటి త్రోవ మన తెలంగాణ గుండా పోయినది. మన పిల్లలును చదువులకు, ఉద్యోగములకు దూరదేశములకు పోయి, మన ముత్తాత పేరేమి అని ఇంటికి ఫోను చేసి అడుగుచున్నారు. వారికి మనమేమి చెప్పుదుము?

ఒక జనాంగపు త్రోవ

నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములలోని మిషను చరిత్ర వినినవారికి ఫ్రీసెన్, ఉన్రు, హ్యూబర్టు, హీబర్టు అను ఇంటిపేర్లు క్రొత్తవి కావు. వీరందరు మెన్నొనైటులు అను ఒకే జనాంగమునకు చెందినవారు. వీరి వంశావళిని వెనుకకు వెదకుచు పోయిన ఎక్కడికి చేరుదుము?

మొదట అమెరికాలోని మిన్నెసోటా, కాన్సాసు రాష్ట్రములు. అక్కడి జనాభా లెక్కల పుస్తకములలో కుటుంబ యజమాని, భార్య, పిల్లలు, వారి వయస్సు, పుట్టిన దేశము వ్రాయబడియుండును. దానికి వెనుక ఓడ ప్రయాణికుల పట్టికలు. 1873 మొదలు 1884 వరకు సుమారు 18,000 మంది మెన్నొనైటులు రష్యా సామ్రాజ్యమును విడిచి ఉత్తర అమెరికాకు పోయిరి. వారిలో సుమారు 10,000 మంది అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, తక్కినవారు కెనడాలోను కాపురము పెట్టిరి. యుద్ధసేవ చేయమను వారి విశ్వాసమునకు రష్యా ప్రభుత్వము 1870 తరువాతి సంవత్సరములలో అడ్డు వచ్చినందున వారు కదలిరి. తమతో టర్కీ రెడ్ అను ఎర్ర గోధుమ విత్తనమును తీసికొనిపోయి కాన్సాసు నేలలో చల్లిరి.

ఓడకు వెనుక నేటి ఉక్రెయిను దేశములోని గ్రామములు. రష్యా రాణియైన రెండవ కేథరీను 1763లో పరదేశులను పిలిచి భూములిచ్చెదనని ప్రకటించెను. ఆ పిలుపును నమ్మి 1789లో ఖోర్టిట్సాయను చోటను, 1804లో మొలోచ్నాయను చోటను వీరు గ్రామములు కట్టిరి. దానికి వెనుక బాల్టిక్ సముద్రతీరమున విస్తులా నది చిత్తడి నేలలు. అక్కడ కాలువలు త్రవ్వి, కట్టలు పోసి, నీటిలో మునిగియున్న నేలను పొలములుగా మార్చిరి. 1776లో ప్రష్యా ప్రభుత్వము వ్రాయించిన మెన్నొనైటు కుటుంబముల లెక్క నేటికిని నిలిచియున్నది. వంశము వెదకువారికి అది గొప్ప ఆధారము. దానికి వెనుక హాలెండు దేశము. అక్కడ మెన్నో సైమన్సు అను పాదిరి 1536లో తన పదవిని విడిచి, విశ్వసించినవారికే బాప్తిస్మమని బోధించిన చిన్న మందకు కాపరియాయెను. ఆయన పేరే ఆ జనాంగమునకు పేరాయెను.

మన ఇంటిపేర్లు అనేకము ఊరి పేర్లనుండి వచ్చినట్లే, ఫ్రీసెన్ అను ఇంటిపేరు ఫ్రీస్‌లాండు అను సీమ పేరునుండి వచ్చినది. ఉన్రు అను మాటకు జర్మను భాషలో నెమ్మదిలేమి అని అర్థము. నాలుగు వందల సంవత్సరములు దేశమునుండి దేశమునకు తిరిగిన జనులలో అట్టి ఇంటిపేరు ఉండుట వింత గదా!

ఇక ఈ త్రోవ మనవైపు తిరిగిన విధము వినుడి. 1874 వలసలో అందరును పోలేదు. కొందరు రష్యాలోనే నిలిచిరి. నిలిచిన శాఖనుండి అబ్రహాము ఫ్రీసెను బయలుదేరి, అమెరికను బాప్టిస్టు మిషనుతో కూడి, 1890లో నల్లగొండలో పని ఆరంభించెను. ఆ పని పెరిగి 1900లో సూర్యాపేట స్టేషను ఏర్పడినది. అక్కడ అబ్రహాము హ్యూబర్టు పనిచేసెను. ఇటు అమెరికాకు పోయిన శాఖనుండి, మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ ప్రాంతపు ఎన్. ఎన్. హీబర్టు 1899లో భార్యతో కూడ హైదరాబాదుకు వచ్చెను. ఆరోగ్యము చెడినందున ఆయన కొద్దికాలములోనే తిరిగిపోవలసి వచ్చినది. అయితే పని ఆగలేదు. నాగర్‌కర్నూలు, దేవరకొండ, శంషాబాదులలో అది విస్తరించెను. ఆయన కుమారుడు జె. ఎన్. సి. హీబర్టు మరల ఈ దేశమునకు వచ్చెను. మనుమడు పాల్ హీబర్టు 1932లో శంషాబాదులోనే పుట్టెను. అతడు పెరిగి మానవశాస్త్ర పండితుడై, తెలంగాణ గ్రామమొకదాని కట్టుబాట్లను గూర్చి 'కొండూరు' అను గ్రంథమును 1971లో ప్రకటించెను, 2007లో మరణించెను.

ఉక్రెయినులో విడిపోయిన రెండు కొమ్మలు నైజాము రాజ్యములో మరల దగ్గరకు వచ్చినవి. ఇట్టి కుటుంబముల వంశము వెదకువాడు అమెరికాలో ఆరంభించినను, సగము త్రోవలో తెలంగాణ మట్టి త్రొక్కక తప్పదు. కాలిఫోర్నియాలోని మెన్నొనైటు చరిత్ర సంఘమువారు ఈ జనాంగపు పేర్లను కంప్యూటరులో చేర్చగా అవి పది లక్షలు దాటినవి. ఇంత శ్రద్ధ చూచి మనము ఆశ్చర్యపడవలసినదే.

మొదటివాడు ఎవడు?

అయితే వంశావళి వ్రాయువానికి ఒక శోధన కలదు. తన పితరుడే మొదటివాడని అతడు చెప్పగోరును. మా తాత వచ్చినప్పుడు అక్కడ ఏమియు లేదు, అంతయు అడవి, అంతయు చీకటి అనుట అతనికి ఇష్టము. ఈ మాట నిజమా?

కాన్సాసు సంగతి చూడుడి. మెన్నొనైటు కుటుంబములు అక్కడికి విస్తారముగా వచ్చినది 1874లో. దానికి ముందటి సంవత్సరము, అనగా 1873లో, కాన్సా అను మూలజనులను ప్రభుత్వము ఆ రాష్ట్రమునుండి దక్షిణముగా వేరొక సీమకు పంపివేసెను. ఆ రాష్ట్రమునకు పేరు వచ్చినదే వారి పేరునుండి! పేరు మిగిలినది, జనులు మిగులలేదు. మిన్నెసోటాలో 1862లో యుద్ధము జరిగిన పిమ్మట డకోటా జనులను అచటినుండి వెళ్లగొట్టిరి. తరువాత వచ్చిన రైతు ఎవరిని చంపలేదు, అతడు రైలు కంపెనీకి రొక్కమిచ్చి భూమి కొనెను, ఆయుధము పట్టనివాడు. అయినను అతడు దున్నిన నేల ఖాళీ నేల కాదు. ఇశ్రాయేలీయులతో యెహోషువ చెప్పిన మాటను జ్ఞాపకము చేసికొనుడి: మీరు కష్టపడని భూమిలో నివసించుచున్నారు, మీరు కట్టని పట్టణములలో కాపురమున్నారు, మీరు నాటని తోటల ఫలములు తినుచున్నారు అని ఆయన వారికి తెలియజేసెను (యెహోషువ 24:13).

మన మిషను చరిత్రలోను ఇట్టిదే జరిగినది. జాన్ క్లౌ దొరగారిని గూర్చి వినని తెలుగు బాప్టిస్టు లేడు. ఆయన 1836లో న్యూయార్కు రాష్ట్రములో పుట్టి, పడమటి దిక్కునకు కదలిన కుటుంబములో పెరిగి, అయోవాలో నివసించి, మిన్నెసోటా అడవులలో భూమి సర్వే చేసినవాడు. తొలి కాపురస్థుల కష్టము ఎరిగినవాడు. 1866లో ఒంగోలునకు వచ్చెను. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడినది. అయితే ఆయన ఒంగోలులో కాపురము పెట్టకమునుపే యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడు జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొంది, తన ఊరివారికి సువార్త చెప్పుచుండెను. చెప్పులు కుట్టుకొను ఆ చేతులే ముందు విత్తినవి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ లెక్క మనలో చిన్నపిల్లలకును తెలియును. ఆ 2,222 మందిలో ఇద్దరి పేర్లు చెప్పుమనిన మనలో ఎందరు చెప్పగలరు?

క్లౌ దొరగారి ఘనతను తగ్గించుటకు ఇది వ్రాయుటలేదు. మొదటివాడని చెప్పబడిన ప్రతివానికి ముందు మరియొకడు కలడని గ్రహించుటకే వ్రాయుచున్నాము. నిజమైన వంశావళి పితరుని గొప్ప చేయదు. అతనికి ముందున్నవారిని కూడ చూపును.

పేరు లేని పితరులు

ఇప్పుడు మన ఇంటికి వత్తము. ఆత్మకూరులోనో, చుట్టుపట్ల పల్లెలలోనో ఒక కూలి కుటుంబపు యువకుడు తన ముత్తాతను వెదకుటకు బయలుదేరెననుకొనుడి. అతనికి ఏ పుస్తకము దొరకును?

మొదట తహశీలు కచేరికి పోవును. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అక్కడ ప్రసిద్ధము. సర్వే నంబరు, పట్టాదారు పేరు, సాగుచేయువాని పేరు అందులో ఉండును. అయితే భూమి లేనివానికి సర్వే నంబరు ఎక్కడిది? అతని ముత్తాత ఆ పొలములన్నిటిలో నాగలి పట్టెను, మోట తోలెను, కలుపు తీసెను. కాని పుస్తకములో లేడు. ఇక దొరగారి పద్దు పుస్తకములున్నవి. అప్పు తీర్చలేక భగేలాగా కుదిరినవాని పేరు అక్కడ దొరకవచ్చును. హైదరాబాదు రాజ్యములో భగేలా ఒడంబడికలను అదుపుచేయుటకు 1936లో చట్టము చేయవలసి వచ్చినదనిన ఆ బాధ ఎంత విస్తారమో ఊహించుకొనుడి. ఆ పద్దులోనైనను అతని పేరు చివర గౌరవముండదు. 'గాడు' అని చేర్చి వ్రాసియుందురు. ఒక మనుష్యుడు చరిత్రలో అప్పుగా మాత్రమే మిగిలెను!

అమెరికాలోను ఇట్లే జరిగినదని మనము తెలిసికొనవలెను. ఆ దేశములో 1790 నుండి పది సంవత్సరములకొకసారి జనాభా లెక్క వ్రాయుచున్నారు. 1850 నుండి స్వతంత్రులైన ప్రతివారి పేరు వ్రాసిరి. అయితే 1850, 1860 లెక్కలలో బానిసలను వారి యజమాని పేరు క్రింద వయస్సు, స్త్రీయా పురుషుడా అనుమాత్రము వ్రాసి, దాదాపు అన్ని చోట్ల పేరు విడిచిపెట్టిరి. విడుదల పొందిన నల్లజాతివారి పేర్లన్నియు మొదటిసారి వ్రాయబడినది 1870లో. నేడు వారి సంతతివారు తమ పితరులను వెదకుచు ఆ సంవత్సరము దగ్గరకు వచ్చి గోడ తగిలినట్లు ఆగిపోవుదురు. ఒకే దేశములో ఒక కుటుంబమునకు నాలుగు వందల సంవత్సరముల పట్టిక, ప్రక్క కుటుంబమునకు ఒక గోడ. ఇది బుద్ధిలో తేడా కాదు. కలము ఎవరి చేతిలో నున్నదను దానిలో తేడా.

మనవారికి జ్ఞాపకము లేదని మాత్రము ఎవరును అనకూడదు. తెలంగాణ పల్లెలలో మాదిగవారి యిండ్లకు డక్కలివారు వచ్చి, బొమ్మలు గీసిన పటము విప్పి, జాంబవంతుని మొదలుకొని కులకథ చెప్పి తమకు రావలసిన త్యాగము అడిగి తీసికొనుట పూర్వాచారము. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు అట్లే కథ చెప్పుదురు. ఆ కథలలోని దేవతలను మనము పూజింపము. అయినను అక్షరము ఎరుగని బీదవాడు సహితము తనకొక మూలము కలదని వినగోరెననుటకు అది సాక్ష్యము. మూలమును తెలిసికొనగోరుట గర్వము కాదు; అది ఆకలివంటిది.

మరియు పేర్లే కొన్నిసార్లు కథ చెప్పును. మన పాత పేర్లలో పెంటయ్య, పెంటమ్మ అనునవి కలవు. పిల్లలు పుట్టి చనిపోవుచున్న యింట, ఈ బిడ్డయైనను బ్రదుకవలెనని పెంటమీద పరుండబెట్టి తీసికొని ఆ పేరు పెట్టుట ఆచారము. కావున మన ముత్తాత పేరు పెంటయ్య యైన, అతనికి ముందు చనిపోయిన అన్నలో అక్కలో ఉండిరని అనుకొనవచ్చును. ఆ పేరు వినినప్పుడు మనము నవ్వకూడదు. అందులో ఒక తల్లి కన్నీరున్నది.

పుణ్యము రాదు, పాపము రాదు, ఋణము వచ్చును

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చితిమి. పితరునినుండి మనకు వచ్చునదేమి?

పితరుల మంచితనము మనకు గొప్పతనమిచ్చునని కొందరు తలంచుదురు. మా తాత ఫలాని దొరగారిచేత బాప్తిస్మము పొందెను, మాది నాలుగు తరముల సంఘము అని చెప్పుకొనుచు, నిన్న చేరిన కుటుంబమును వెనుక బల్లమీద కూర్చుండబెట్టు సంఘములు లేవా? బాప్తిస్మమిచ్చు యోహాను ఇట్టివారికే జవాబు చెప్పెను. అబ్రాహాము మాకు తండ్రియని చెప్పుకొనవద్దు, ఈ రాళ్లవలన దేవుడు అబ్రాహామునకు పిల్లలను పుట్టింపగలడని ఆయన హెచ్చరించెను (మత్తయి 3:9). పౌలునకును చక్కని వంశావళి యుండెను. బెన్యామీను గోత్రము, హెబ్రీయుల సంతానము. దానిని అతడు నష్టముగా ఎంచెను (ఫిలిప్పీ 3:5-8).

మరికొందరు పితరుల పాపము మనమీద పడునని భయపడుదురు. లేదా, మీ తాతలు మా తాతలను బాధించిరి గనుక మీరును దోషులే అని నిందింతురు. యెహెజ్కేలు 18వ అధ్యాయము దీనికి ఉత్తరము. తండ్రి దోషమును కుమారుడు మోయడు. నీతిమంతుని నీతి అతనికే, దుష్టుని దుష్టత్వము అతనికే చెందునని ప్రవక్త స్పష్టముగా తెలిపెను.

ఈ వాక్యము రెండు ప్రక్కల పదునుగల కత్తి. దోషము రక్తములో దిగిరాదు అని సంతోషించువాడు, ఘనతయు రక్తములో దిగిరాదని ఒప్పుకొనవలెను. తాత ధైర్యమును నాది అని పుచ్చుకొని, తాత అన్యాయమును నాకేమి తెలియును అని త్రోసివేయుట న్యాయము కాదు. తీసికొనిన రెండును తీసికొనవలెను. విడిచిన రెండును విడువవలెను.

అట్లయిన ఏమి మిగులును? ఋణము మిగులును. పుణ్యపాపములు మనుష్యునితో పోవును. అతడు త్రవ్విన బావి మాత్రము మిగులును. కొనిన భూమి మిగులును. కట్టిన బడి మిగులును. అట్లే, ఇంకొకరినుండి పోయిన నేల కూడ ఎవరి చేతిలోనో మిగులును. బావి నీళ్లు త్రాగువాడు బావి త్రవ్వినవాని పుణ్యమును పొందడు. కాని నేనే త్రవ్వితినని చెప్పిన అబద్ధికుడగును. ఇతరులను త్రాగనియ్యకపోయిన అన్యాయస్థుడగును. మొదటి పంట బుట్టలో తెచ్చిన ఇశ్రాయేలీయుడు దేవుని యెదుట ఏమి చెప్పవలసి యుండెనో ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో చూడుడి. నా పితరుడు రాజు అని అతడు చెప్పడు. దిక్కులేక తిరుగాడిన అరామీయుడొకడు నా పితరుడని ఒప్పుకొని, ఆ తరువాతనే తన బుట్టను దించును. వెంటనే ఆ పంటలో లేవీయునికి, పరదేశికి పాలు కలదని ఆజ్ఞ వచ్చును. వంశావళి చెప్పుకొనుటకు ఇంతకంటె మంచి మాదిరి లేదు.

మెన్నొనైటులలో డర్క్ విల్లెమ్స్ అను ఒకని కథ చెప్పుదురు. 1569లో హాలెండులో అతడు విశ్వాసము నిమిత్తము చెరనుండి తప్పించుకొని గడ్డకట్టిన నీటిమీదుగా పరుగెత్తుచుండగా, తరుముచు వచ్చిన భటుడు మంచు విరిగి నీటిలో పడెను. విల్లెమ్స్ వెనుకకు తిరిగి వానిని బయటకు లాగెను. వెంటనే పట్టబడి, అగ్నిలో కాల్చబడెను. నేడు ఆ జనాంగములో అతని రక్తసంబంధులు ఎవరని ఎవరును అడుగరు. అందరును అతనిని తమ పితరునిగా ఎంచుదురు. అతనికి చెల్లించవలసిన ఋణము ఒక్కటే: శత్రువు నీటిలో పడినప్పుడు వెనుకకు తిరుగుట. ఆ ఋణము చెల్లించువాడు అతని వంశస్థుడు. ఏ పట్టికలో లేకపోయినను వంశస్థుడే.

దీనివలన పట్టిక లేని కుటుంబమునకు ఒక ఆదరణ కలుగుచున్నది. ఘనత రక్తమువలన రాదు గనుక, పేర్లు దొరకనివారికి ఘనతలో కొదువ లేదు. రాజును యాజకుడునైన మెల్కీసెదెకునకు తండ్రి పేరు గాని తల్లి పేరు గాని వ్రాయబడలేదు (హెబ్రీ 7:3). అయితే ఋణము మాత్రము వారికి తక్కువ కాదు. పేరులేక పనిచేసి పోయిన పితరులకు మనము మరి ఎక్కువ అచ్చియున్నాము.

మనము చేయవలసినది

మొదటిది, వ్రాయుడి. మన సంఘపు బాప్తిస్మపు పుస్తకము, వివాహపు పుస్తకము చెదలు తినకుండ కాపాడుడి. ఎన్నో కుటుంబములకు పితరుని పేరు గౌరవముగా వ్రాయబడిన మొదటి కాగితము అదే. ప్రతి యింటిలో ఒక నోటుపుస్తకము పెట్టి, ముసలివారిని అడిగి వ్రాయుడి: పేరు, ఊరు, చేసిన పని, ఎప్పుడు చనిపోయిరి. సంవత్సరము తెలియనియెడల, ఏ కరవు, ఏ వరద, ఏ గొడవ నాడు అని వ్రాసికొనుడి. ముసలివారు పోయిన తరువాత ఈ పుస్తకము దొరకదు.

రెండవది, స్త్రీల పేర్లు విడువకుడి. పెండ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారును, ఆమె పుట్టినూరు మరువబడును. అమెరికాలో వంశము వెదకువారికిని ఇదే చిక్కు. మత్తయి తన పట్టికలో తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యగా నుండిన ఆమెను చేర్చెను. వారిలో అన్యజనులున్నారు, లోకము వ్రేలు చూపిన చరిత్ర గలవారున్నారు. సువార్తికుడు దాచలేదు, మనమెందుకు దాచవలెను?

మూడవది, దొరకని చోట ఖాళీగా విడువుడి. చెరనుండి తిరిగివచ్చిన కొందరు యాజకులు తమ వంశావళిని వెదకగా అది దొరకలేదని ఎజ్రా 2:62లో చదువుచున్నాము. వారికొరకు క్రొత్త పట్టిక ఎవరును కల్పించలేదు. పేరు కలిసినంతమాత్రమున మనిషి కలిసెననుకొనవద్దు. మన ఊరి పేరే చూడుడి. తెలుగు దేశములో ఆత్మకూరులు ఎన్ని! నెల్లూరు ప్రక్క ఒకటి, నంద్యాల ప్రక్క ఒకటి, వనపర్తి ప్రక్క ఒకటి. మన పాత నల్లగొండ జిల్లాలోనే రెండుండుటచేత ఒకదానికి 'ఎం', మనదానికి 'ఎస్' అని గుర్తు చేర్చవలసి వచ్చినది. అమెరికను బాప్టిస్టు మిషను పాత కాగితములలో కనబడు ఆత్మకూరు స్టేషను నెల్లూరు వైపుది, మనది కాదు. ఊరి పేరుకే ఇంత జాగ్రత్త అవసరమైన, మనుష్యుల పేర్లకు ఎంత అవసరము!

నాలుగవది, సత్యము వ్రాయుడి. ఇది కష్టమైన మాట. దళిత కులములనుండి క్రైస్తవులైనవారికి షెడ్యూల్డు కులముల హక్కు లేకుండ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆపినది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు ఇచ్చినను క్రైస్తవులకు ఇయ్యలేదు. అందుచేత సంఘ పుస్తకములో ఒక పేరు, బడి పుస్తకములో ఒక పేరు గల పిల్లలు మన మధ్య కలరు. ఆ తల్లిదండ్రులను తేలికగా నిందింపము. బిడ్డకు చదువు దొరకవలెనని వారు పడు ఆరాటము మనకు తెలియును. ఉత్తర్వులోని అన్యాయమును గూర్చి బహిరంగముగా వాదించుట మన హక్కు. అయితే ఒక మాట ఆలోచించుడి. ఆ పిల్లవాని మనుమడు ఒకనాడు తన తాతను వెదకుచు ఈ రెండు పేర్లు కనుగొనును. తాత ఎందుకు రెండు పేర్లవాడాయెనో అతనికి ఎవరు చెప్పుదురు? కనీసము యింటిలోని నోటుపుస్తకమైనను నిజము చెప్పవలెను. అట్లే, పట్టణమునకు పోయి ఇంటిపేరు మార్చుకొని, తాత చెప్పులు కుట్టెననో, కూలి చేసెననో చెప్పుటకు సిగ్గుపడువారికి ఇదే మాట. దొర పద్దులో అప్పుగా వ్రాయబడిన తాతను, మనుమడు తన నోటితో లేనివానిగా చేయుట ఆ పద్దుకంటె కఠినము.

చివరకు, వంశావళిని ఎంతదూరము వెదకవలెను? మత్తయి అబ్రాహాము దగ్గర ఆరంభించెను. లూకా మాత్రము వెనుకకు, వెనుకకు పోయి, ఆదాము దగ్గరకు చేరి, ఆదాము దేవుని కుమారుడని ముగించెను (లూకా 3:38). అంతవరకు పోయిన తరువాత మిన్నెసోటా రైతును, డకోటా మూలవాసియును, నల్లగొండకు వచ్చిన దొరయును, ఆయనకు దారి చూపిన తెలుగు బోధకుడును, పట్టాదారుడును, పహాణీలో లేని పాలేరును ఒకే యింటివారగుదురు. పౌలు నిషేధించిన వంశావళి ఇంతదూరము పోనిది, మధ్యలో తనకు అనుకూలమైన చోట ఆగిపోవునది. గర్వము ఎప్పుడును మధ్యలోనే ఆగును.

వచ్చే ఆదివారము మత్తయి మొదటి అధ్యాయము చదువువంతు ఎవరికైన వచ్చినయెడల, ఆ పేర్లను తొందరపడక, ఒక్కొక్కటి నింపాదిగా చదువుదురు గాక. ఆ సాయంకాలము ఇంటిలోని ముసలివారి ప్రక్కన కూర్చుండి, మీ తల్లిగారి తల్లి పేరేమి అని అడిగి వ్రాసికొందురు గాక.